జరీ మీద పడిన మెరుపు

మామ కెమెరా సంచి తెరిస్తే ఇప్పటికీ కాలిన ప్లాస్టిక్కు వాసన వస్తుంది. తీసిన ఫోటోను అప్పటికప్పుడు చేతికిచ్చే పాతకాలపు కెమెరా అది. దానికి ఫ్లాష్ కోసం అనంతపురంలో పాత కెమెరాలు అమ్మే అంగడికి పోతే, అంగడతను బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. ఒకటి బ్యాటరీతో ఎన్నిసార్లయినా వెలిగేది. రెండోది వరసగా బల్బులు పొదిగిన పట్టీ, ఒక్కో బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి చచ్చిపోతుంది. మామ వాడింది ఈ పట్టీనే. ఇంత పాత బల్బులు అసలు వెలుగుతాయా, పాడైనవాటినే తుడిచి పెట్టాడా అని నాకు అనుమానం. ఒకటి వెలిగించి చూపించమన్నాను.

"చూపించేకేముందన్నా, చూపించినంక అది మీకు పనికి రాదు" అని నవ్వాడు.

అనుమానం మా ఇంట్లో మగ్గం పక్కనే పెరిగింది. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. శ్రావణం పెళ్ళిళ్ళకు ముందు, చినుకు లేని ఆకాశం కింద ఎర్రమట్టి గాలి వీధుల్లో సుడి తిరిగే రోజుల్లో, నాయన కిటికీలకు గోనెపట్టాలు కట్టి కొత్త బార్డరు మొదలుపెట్టేవాడు. తడి పట్టు వాసన, మగ్గం గుంటలోంచి లేచే చల్లని మట్టి వాసన, పొద్దున తిన్న ఉగ్గానిలోని పచ్చిమిరపకాయ ఘాటు ఆ చీకట్లో కలిసిపోయి ఉండేవి. అవ్వ మూల కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతుంటే, పిల్లలం ఖాళీ కండెలకు పుల్లలు గుచ్చి బండ్లు చేసి తోలేవాళ్ళం. వీధిలో చెప్పుల చప్పుడు ఆగిందంటే మగ్గం ఆగేది, దాని మీద పాత దుప్పటి పడేది. బార్డరు బయటివాళ్ళ కంట పడితే నెల తిరక్కముందే పక్కవీధి మగ్గాల మీద మా బార్డరులోని చిలకే వాలుతుంది, మా కష్టమంతా ఊరి సొత్తవుతుంది. అందుకే నాయన నాతో, "ఎవరొచ్చినా ఓ కన్నేసి పెట్టు" అనేవాడు. ఆ కాపలా నాకు బండ్లాటకన్నా రుచిగా ఉండేది.

అట్లాంటి రోజుల్లో మామ వచ్చాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, బెంగుళూరులో చీరల అంగట్లో పని. నాయన అనుమానానికి ఆ అంగడి పేరు చాలు. అమ్మ మాత్రం తమ్ముడి కోసం పొయ్యి దగ్గర ఓళిగలు చేస్తూ కూనిరాగం తీస్తోంది. నాయన స్నానానికి పోయిన వేళ, ఎన్నడూ ఫోటో దిగని అవ్వ కొంగు సర్దుకుని, "నన్నొకటి తీయప్పా, పోయినంక గోడకన్నా ఉంటాను" అంది. మామ మగ్గానికి ఇవతల నిలబడి, అవతల రాట్నం దగ్గరున్న అవ్వ వైపు కెమెరా ఎత్తాడు. గదంతా తెల్లగా మండింది, కాలిన వాసన వచ్చింది, కెమెరా గర్రుమని ఒక అట్ట బయటపెట్టింది. మామ దాన్ని చూసి, మొహం చిన్నబుచ్చుకుని జేబులో పెట్టుకున్నాడు.

నేను పరిగెత్తి నాయనకు చెప్పాను. "మామ మగ్గాన్ని ఫోటో తీసి జోబీలో పెట్టుకున్నాడు."

నాయన తడిబట్టలతోనే వచ్చాడు. "ఏమప్పా, జోబీలో ఏముండాది?"

"అత్త ఫోటో బావా. చెడిపోయింది. వెలుతురు జరీ మీద పడి తిరిగొచ్చినాది." మామ అట్ట చూపించాడు. తెల్లటి మంట తప్ప అందులో ఏమీ కనిపించలేదు.

"ఇది కాదు. అసలుది యాడ పెట్టినావు?"

అవ్వ నవ్వులోకి దించాలని చూసింది. "నా మొగం చూసి ఆ మిషనే కండ్లు మూసుకున్నాదేమోలేరా."

ఎవరూ నవ్వలేదు. కెమెరాలోంచి వచ్చింది ఆ ఒక్క అట్టేనని నాకు తెలుసు. అయినా, కాపలాదారుగా గెలిచిన గర్వం నోరు తెరవనివ్వలేదు. నాయన మామ సంచి బోర్లించి వెతికాడు. మామ తన చొక్కాలు తనే ఏరుకుని, ఓళిగ తుంచకుండానే బస్టాండుకు పోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. అవ్వ ఫోటో లేకుండానే పోయింది. అమ్మ ఓళిగలు చేస్తూ మళ్ళీ పాడగా నేను వినలేదు.

పోయిన నెల బెంగుళూరు వెళ్ళి మామకు ఉన్నదంతా చెప్పాను. ముసలాయన "అప్పుడే చెప్పింటే పోయేది కదప్పా" అన్నాడు. తర్వాత లోపలికి పోయి కెమెరా సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పక్కజేబులో ఆ తెల్ల ఫోటో ఉంది. అప్పుడు మేమంతా బార్డరు కోసం వెతికాం. ఇప్పుడు చూస్తే, కింది మూలన మంట అందని చోట, రాట్నం మీద దారం పట్టుకున్న అవ్వ చెయ్యి ఉంది.

ఈ ఆదివారం మామ మా ఇంటికి వస్తానన్నాడు. అక్కాతమ్ముళ్ళను ఆ గదిలోనే ఒక ఫోటో తీయాలి. అక్కడ ఇప్పుడు మగ్గం లేదు, దాని గుంట పూడ్చి బండలు పరిచాం. రాట్నం ఎవరింటికి పోయిందో తెలియదు. వీధిలో మరమగ్గాల మోత తప్ప చెప్పుల చప్పుడు వినిపించదు. చీకటి మాత్రం అట్లాగే ఉంది.

బ్యాటరీ ఫ్లాష్‌ను అంగట్లోనే పదిసార్లు వెలిగించి చూసుకోవచ్చు. నా బుద్ధికి తగింది అదే. చెయ్యి దాని దాకా పోయింది కూడా.

"ఇవి వెలుగుతాయా?" అని బల్బుల పట్టీ చూపించి అడిగాను.

"వెలుగుతాయన్నా."

మళ్ళీ అడగకుండా దాన్నే కట్టివ్వమన్నాను.