రాబర్ట్‌సన్‌పేటలో రాక్ కచేరీ

ముళబాగిలు నుంచి బస్సులో నిలబడే వచ్చి, ఆ ఆదివారం మధ్యాహ్నం రాబర్ట్‌సన్‌పేట మైదానంలో ఒక కుర్చీలో కూలబడ్డాను. అక్కడి కుర్రాళ్ల రాక్ బ్యాండు పాడుతోంది. అభిమానులు గొంతు చించుకుని అందుకుంటున్నారు. నా పక్కన, చీర మీద బ్యాండు టీషర్టు వేసుకున్నామె మాత్రం ఆ గిటార్ల హోరులోనే నా భుజం మీద వాలి నిద్రపోయింది.

పాట ఆగగానే ఉలిక్కిపడి లేచింది. బెంగళూరులో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనట, రోజూ తెల్లవారకముందే రైలట.

"ఇంటికి పోయి పడుకోరాదా అమ్మా?" అన్నాను.

"ఇంట్లో కండ్లు మూస్తే రేపటి రైలే గుర్తొస్తాదక్కా. ఈడ వీళ్లు పాడినంతసేపూ ఇంగా ఆదివారమే."

గాయకుడు ఇదే చివరి పాట అన్నాడు. అది అయిపోగానే ఆమె లేచి నిలబడి, "వన్ మోర్!" అని అందరికంటే గట్టిగా అరిచింది. నా తిరుగు బస్సుకు వేళయింది. అయినా ఆమెతో కలిసి నేనూ అరిచాను.