వెళ్ళిపోయే దేశం తరఫున

తొలి వానకు తడిసిన బొగ్గు వాసన పద్మాపూర్ గనుల వైపు నుంచి, సెలవుకు ఊరికి వెళ్తున్న నా బస్సు కిటికీలోకి వచ్చింది. ముందు సీటాయన ఫోన్‌లో వార్తలు వింటున్నాడు. ఏదో దేశం అణ్వాయుధాల వ్యాప్తిని ఆపే ఒప్పందం నుంచి తప్పుకుంటానంటోందట. ఆ వాసన, ఆ వార్త కలిసి నాకు సరోజ మేడంను గుర్తుకు తెచ్చాయి.

చంద్రపూర్‌లో మా కాలేజీలో ఆమె కాంట్రాక్టు మీద రాజనీతి శాస్త్రం చెప్పేవారు. రాజురా దగ్గరి తెలుగు రైతు కుటుంబం వాళ్ళది. పాఠం మరాఠీలో సాగినా, మాలాంటి తెలుగు పిల్లలతో తెలుగులోనే మాట్లాడేవారు. ఒకసారి తరగతిలో చర్చ పెట్టి, ఆ ఒప్పందం వదిలి వెళ్ళే దేశం తరఫున నన్ను మాట్లాడమన్నారు. అలాంటి దేశమంటేనే నాకు గిట్టదని చెప్పాను.

“గిట్టదనే నిన్ను పెట్టిన. ఎందుకు పోతుండ్రో తెల్వకుంట ఎట్ల ఆపుతవ్?” అన్నారు.

లైబ్రరీలో కూర్చుని చదివాను. నా కోపం తగ్గలేదు గానీ, పక్క దేశాన్ని చూసి వణికే దేశం ఎలా ఆలోచిస్తుందో కొంత అర్థమైంది.

ఆ ఏడాది కాలేజీ సభకు ముఖ్య అతిథిగా వచ్చిన రాజురా వ్యాపారి ఒకాయన, ఒప్పందం వదిలే దేశాల మీద బాంబులు వేయాలన్నాడు. హాలంతా చప్పట్లు. తర్వాత లేచిన మేడం నెమ్మదిగా కాదన్నారు.

“ఒప్పందంల ఉన్నప్పుడు తీసుకున్న యంత్రాలు, ఇంధనం వాపస్ ఇయ్యాలె. లోపల ఉండి చేసిన తప్పుకు బయటికి పోయినా జవాబు చెప్పాలె. మన సర్కార్ గిదే గట్టిగ అడగాలె. గానీ మాటలు బంద్ చెయ్యొద్దు.”

మన దేశం దానిమీద సంతకమే చేయలేదు, మనకెందుకని వెనక నుంచి ఎవరో అడిగారు. ఈలలు మొదలయ్యాయి. అవి ఆగేదాకా ఆమె నిలబడే ఉన్నారు.

“సంతకం చెయ్యలే గనుకనే మనం ఇంకింత సోంచాయించి మాట్లాడాలె” అని కూర్చున్నారు.

మరుసటి ఏడాది కాలేజీ వాళ్ళు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. నేను కోపం పట్టలేక రాజురా వెళ్ళాను. మేడం వాకిట్లో సోయా గింజలు ఏరుతున్నారు. పక్కన ఒక అమ్మాయి చదువుకుంటోంది. ఆ వ్యాపారి కూతురట, తండ్రే ట్యూషన్‌కు పంపాడట. ఆయన కూతురికి చెప్పడానికి ఎలా ఒప్పుకున్నారని మేడంను అడిగాను.

“ఆయన ఇప్పటికీ నా మాట ఒప్పుకోడు. గానీ బిడ్డను పంపిండు గద” అని నవ్వారు.

మేడం ఇప్పుడు లేరు. నేను ఢిల్లీలో విదేశాంగ విధానాలపై నివేదికలు రాసే చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. ఒప్పందాలు వదిలే దేశాలపై ఏ ఆంక్షలు పెట్టాలో రాయమంటారు, రాస్తాను. ఆ దేశం దేనికి భయపడుతోందో కూడా ఒక పేరా రాస్తాను. మా పై అధికారి చాలాసార్లు దాన్ని కొట్టేస్తాడు. తర్వాతి నివేదికలో మళ్ళీ రాస్తాను. రాసే ప్రతిసారీ కొంచెం భయం వేస్తుంది. ఆ రోజు హాల్లో ఆమెకూ వేసిందా అని అడగనే లేదు.