పడుగుకు కొన్న రోడ్డు

రోడ్డు మీద ఎవరూ ఏ వస్తువూ పెట్టరాదన్న నియమం మా కాలనీ సంఘానికి రాసిచ్చింది నేనే. నాలుగో తరగతి మధ్యలో బడి మానేసి, నూలు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదువుకుంటూ అక్షరం పట్టినవాణ్ని. కాలనీలో అంతమంది డిగ్రీలున్నవాళ్ళుండగా, నిబంధనలు తెలుగులో తప్పుల్లేకుండా రాసే పని నా మీద పడింది. సంతోషంగా రాశాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మాది గద్వాలలో తరాలుగా మగ్గం నేసే ఇల్లు. చీర నేయడానికి ముందు నిలువు దారాలను, అంటే పడుగును, వీధి పొడవునా చాచాలి. గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరనిచ్చి చుట్టేయాలి. నా చిన్నప్పుడు మా వీధిలో పడుగు చాచి ఉంటే ఎడ్లబండి ఆగేది. బండివాడు దిగి మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగేవాడు. తొందరపెట్టడం ఎరగడు. తర్వాత గుమ్మం గుమ్మానికీ మోటారు సైకిళ్ళొచ్చాయి. ఒకసారి ఒకడి హ్యాండిల్ తగిలి పడుగు సగానికి తెగితే, ఆ చిక్కు విప్పలేక నా తమ్ముడు వీధిలోనే కూలబడ్డాడు.

అందుకే ఊరవతల వెంచర్‌లో ప్లాటు కొన్నాం. అందరూ ప్లాటు లోపల కొలుచుకున్నారు. నేనూ తమ్ముడూ ప్లాటు ముందరి రోడ్డును అడుగులేసి కొలిచాం. వంపు లేదు, గుంత లేదు.

"ఇల్లు కట్టేది లోపల గద తాతా, రోడ్డు కొలుస్తవేంది?" అని ఏజెంటు నవ్వాడు. వాడికేం తెలుసని మేమూ నవ్వుకున్నాం.

కొన్నేళ్ళు ఆ రోడ్డు మా పడుగుకే ఉన్నట్టుండింది. తర్వాత ఇళ్ళు లేవడం మొదలై, ఇసుక కుప్పలు, కంకర కుప్పలు అడ్డం పడ్డాయి. సరిగ్గా అప్పుడే సంఘం పెట్టారు. గేటు, వాచ్‌మన్, నెలనెలా మెయింటెనెన్స్. ఆ కుప్పల మీద కసితోనే నేను ఆ నియమం రాశాను. "పడుగు తప్ప" అని రెండు మాటలు చేర్చాలని తోచలేదు. పడుగు రోడ్డు మీద పెట్టిన వస్తువని నేనెన్నడూ అనుకోలేదు. రోడ్డు ఉండేదే దానికోసమనుకున్నాను.

నా కళ్ళు మసకబారాక మగ్గం మీద కూర్చునేది తమ్ముడే. పోయిన కార్తీకంలో ఒక పొద్దున పడుగుకు గంజి పట్టిస్తుండగా, రోజూ వనపర్తికి ఉద్యోగానికి పోయే కొత్తాయన కారు వచ్చి ఆగింది.

"ఓ పెద్దాయనా, జర తియ్యరాదు! డ్యూటీకి లేటయితుంది."

"తడి మీదుంది సారూ. ఇప్పుడు తీస్తే అంతా ముద్దయితది. వెనక రోడ్డున పోండ్రి," అన్నాడు తమ్ముడు.

"నేను చుట్టు తిరిగి పోవాల్నా? మెయింటెనెన్స్ కడ్తలేనా?"

"మేమూ కడ్తున్నం గద!"

"కడ్తే? రోడ్డు మీ జాగీరైతదా?"

ఆయన వెనక్కి తిరిగి, గేటు దగ్గర నా నియమాలు రాసి పెట్టిన బోర్డును ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి మాకు నోటీసొచ్చింది. జరిమానా కట్టాలి, మళ్ళీ చాస్తే సంఘం నీళ్ళు బంద్.

మూడు రోజులు నేను రాసిన నిబంధనలే నేను చదువుకుని మీటింగుకు పోయాను. లేఅవుటు వేసినప్పుడే రోడ్లన్నీ పంచాయతీకి రాసిచ్చారు, సంఘం వసూలు చేసేది ఊడ్చడానికీ లైట్లకూ, హక్కుకు కాదు అన్నాను. అధ్యక్షుడు రిటైరైన గుమస్తా. అంతా విన్నాడు.

"గట్లనా? అయితే పంచాయతీనే అడుగు పో. గా రూలు రాసింది మాత్రం నువ్వే గద పెద్దమనిషీ."

పోయాను. "కాలనీ లోపటి సంగతి మీ సంఘం చూసుకోవాలె తాతా," అన్నారక్కడ.

ఇక మిగిలింది నియమాన్ని మార్చడమే. దానికి నాలుగింట మూడు వంతుల ఇళ్ళు ఒప్పుకోవాలి. ఎవడు పడితే వాడు మార్చకుండా ఆ అడ్డుకట్ట వేసిందీ నేనే. మళ్ళీ మీటింగు పెట్టారు. బొంబాయిలో ఏళ్ళ తరబడి కూలి చేసి ఇల్లు కట్టుకున్న పాన్‌గల్ ఊరి ఆమె లేచింది.

"నెలకొక పొద్దే గద, పోనియ్యుండ్రి."

"రేపు నువ్వు వడ్లెండబోస్తనంటవు, ఇంకొకరు బర్రెను కట్టేస్తనంటరు," అన్నాడు అధ్యక్షుడు. "చీరలు దుకాణంల దొరుకుతయమ్మా. రోడ్డు మీద పండయి."

అందరూ నవ్వారు. బిడ్డ పెళ్ళికి మా తమ్ముడి చేత చీర నేయించుకున్నవాళ్ళు కూడా నవ్వారు. చేతులెత్తమంటే రెండే లేచాయి, నాదీ ఆమెదీ.

కాలనీ బయట బీడులో చాచి చూశాం. గాలికి మట్టి లేచి గంజికి అంటుకుంది. డాబా మీద పొడవు చాలదు. అప్పుడు తమ్ముడు నాతో ఒక్క మాట చెప్పకుండా సావుకారు దగ్గరికి పోయాడు. గంజి పెట్టి సిద్ధం చేసిన పడుగూ పట్టూ ఆయనే ఇస్తాడు. నేసినందుకు కూలి మనది, చీర ఆయనది. ఆ కూలి మగ్గంలోంచి బయటపడి సొంత పడుగు చాచడానికి మా నాయనకు సగం బతుకు పట్టింది. మొదటి సొంత చీరను భుజాన వేసుకుని, నన్ను గద్వాల కోట దాకా నాయన నడిపించుకుపోయిన దారి ఇంకా కళ్ళలో ఉంది.

తమ్ముడు ఆటోలో పడుగు చుట్ట తెచ్చి వరండాలో దించాడు. గంజి ఎట్లా పట్టించారో చూద్దామని అలవాటుగా చెయ్యి చాచాను.

"అన్నా, జర చెయ్యి తుడుచుకొని ముట్టు," అన్నాడు. "మనది కాదు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వాడు దాన్ని భుజానికెత్తుకుని మగ్గం గదిలోకి పోయాడు.