శిలువ పడిన ఫొటో

నా చిన్నప్పుడు మా మేనత్త దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. ఒంగోలులో ఎవరో వాడి వదిలేసినదాన్ని చవగ్గా కొనుక్కొచ్చింది. దర్శి దగ్గర మా ఊరి మిషన్ బడిలో ఆమె పంతులమ్మ. ఆదివారం గుడి అవగానే కెమెరా మెడలో వేసుకుని బయల్దేరేది, వెనకాలే నేను. ఒక ఫొటో తీశాక పక్కనున్న మీట తిప్పితే, వెనక ఎర్రటి బుల్లి కిటికీలో తరవాతి అంకె మెల్లగా జరిగి వచ్చేది. అది చూడటం నాకు తిరునాళ్ళతో సమానం. తిప్పడం మరిచిపోతే మాత్రం ఆపే నాథుడు ఆ కెమెరాలో లేడు. ఒక బొమ్మ మీదే ఇంకో బొమ్మ పడేది.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఆకులు జిగురెక్కి నల్లబడ్డాయి. గాలి ఎటు తిరిగినా మందు వాసనే. తినే అన్నంలో కూడా అదే వాసన వచ్చేది. సమాధుల పండగ నాడు ఊరంతా పెద్దల సమాధులకు సున్నం కొడుతుంటే, మా నాన్న ఒక్కడూ చేలో మందు కలుపుతున్నాడు. పిలుచుకు రావడానికి వెళ్ళిన అత్త, బకెట్టు మీదికి వంగిన నాన్నను ఫొటో తీసింది. మధ్యాహ్నం సమాధుల దగ్గర, బంతిపూలు పెట్టిన మా తాతయ్య శిలువను తీసింది. ఆ హడావిడిలో మధ్యలో మీట తిప్పడం మరిచిపోయింది.

దర్శి స్టూడియోలో కడిగించిన ఫొటోలు ఇంటికొచ్చాయి. అందులో ఒకటి చూసి అమ్మ అలాగే కూలబడిపోయింది. నాన్న గుండెల మీద తెల్లటి శిలువ నిలబడి ఉంది. ఆయన ఒంట్లోంచి బంతిపూలు కనబడుతున్నాయి. అమ్మ ఆయన్ని గడప దాటనివ్వలేదు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. అవతల చేలో దోమ తన పని తాను చేసుకుపోతోంది.

అది చూడలేక అత్త నెగెటివులు పట్టుకొచ్చి మమ్మల్ని వాకిట్లోకి పిలిచింది. నా నెగెటివు మీద మా గిత్త నెగెటివు పెట్టి ఎండకు చూపించింది. నా నెత్తిన రెండు కొమ్ములు మొలిచాయి.

"ఇది తెలిసిన సంగతేగా," అంది అత్త. అమ్మ ఏడుపులోనే నవ్వింది.

తరవాత అత్త ఆ శిలువ ఫొటో చేతిలోకి తీసుకుంది. ఈసారి ఆమె మొహంలో నవ్వు లేదు. "వదినా, శిలువ నా మతిమరుపు. దాన్నొదిలెయ్. అన్నయ్య చెయ్యి చూడు."

చూశాం. నాన్న కుడిచెయ్యి మోచేతి దాకా మందు బకెట్టులో ఉంది.

"కర్రతో కలుపు అన్నయ్యా. చేతికి ఏదన్నా చుట్టుకో," అంది అత్త.

"సేద్యం మొదలెట్టిన కాణ్ణించి చేత్తోనే కలుపుతున్నానే. నాకేమయ్యింది?" అన్నాడు నాన్న తువ్వాలు దులుపుకుంటూ. శిలువ గండం తప్పిందన్న సంబరంలో ఉన్న అమ్మకు చెయ్యి సంగతి తలకెక్కనే లేదు. సద్ది కట్టి తనే సాగనంపింది. తాడును చూసి బెదిరినవాళ్ళం, పామును మాత్రం గుర్తుపట్టలేదు.

ఆ వారంలోనే నాన్నను చేలోంచి బండి మీద వేసుకొచ్చారు. నోట్లోంచి చొంగ కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నేను కనబడటం లేదు. ఒంగోలు ఆసుపత్రి దాకా అమ్మ ఆ చేతిని వదల్లేదు. నాన్న బతికాడు.

క్రిస్మస్‌కు అత్త మమ్మల్ని గుడి ముందు నిలబెట్టింది. "కదలకు అన్నయ్యా," అంది. నాన్న పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఫొటోలో అందరం చక్కగా పడ్డాం. నాన్న మొహం కూడా నిమ్మళంగానే ఉంది. కుడిచెయ్యి ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా ఏదో అలుక్కుపోయి ఉంది. ఆ చెయ్యి ఇక ఎప్పుడూ కుదురుగా నిలవలేదు.

ఆ కెమెరా ఇప్పుడు నా దగ్గరుంది. ఎక్కడన్నా రీలు దొరికితే వేస్తాను. ఎర్ర కిటికీలో అంకె జరుగుతుంటే ఇప్పటికీ అదే సంబరం. కానీ ఎవరి ఫొటో చేతికిచ్చినా నేను మొహం చూడను. ముందు చేతులు వెతుక్కుంటాను.