కొంగుముడిలో బెల్లం

నిన్న నా చీర ఉతకబోతూ కోడలు కొంగు చివరి ముడి విప్పి, అందులో చీమలు పట్టిన బెల్లం ముక్కను చూసి, ఇంకా ఎందుకత్తమ్మా ఇది అని నవ్వింది. నేనూ నవ్వాను గాని, పదేళ్లుగా ఆ ముడి నా చేతులు వాటంతటవే వేస్తున్నాయి.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, మనుమరాలికి ఏడేళ్లప్పుడు, షుగర్ జబ్బని తేలింది. పసిపిల్లకు రోజూ ఆ సూదులేమిటని నకిరేకల్‌లో మా వాడకట్టంతా విస్తుపోయింది. కొడుకూ కోడలూ పనికి పోతే పిల్ల నా దగ్గరే ఉండేది. దవాఖానలో డాక్టరమ్మ, పిల్ల ఒంట్లో చక్కెర పెరిగినా ప్రమాదమే, పడిపోయినా ప్రమాదమే, పడిపోతే వెంటనే తీపి పెట్టాలని నిదానంగా చెప్పింది. నా మొండి బుర్రకు మొదటి మాటే ఎక్కింది. ఇంట్లో బెల్లమన్నది లేకుండా చేసి, ఇల్లిల్లూ తిరిగి, నా మనుమరాలికి తీపి పెట్టినవాళ్లతో ఇక నాకు మాటల్లేవని చెప్పి వచ్చాను. నా నోటికి జడవనివాళ్లు ఆ వాడకట్టులో లేరు.

అయినా బెదురు పోలేదు. పిల్లకు చెమట పడితే అది ఆటవల్లనా, జబ్బువల్లనా? మూతి ముడుచుకుని కూర్చుంటే అది అలకేనా? ఎవరినడగాలో తెలియక దాని మొహం చూస్తూనే రోజులు గడిపాను.

సద్దుల బతుకమ్మ నాడు సూది వేయించుకున్న పిల్ల, కొత్త లంగా సంబరంలో సరిగా తినకుండానే ఆటకు ఉరికింది. రెండు చుట్లు తిరిగిందో లేదో, చెమటలు కారుతూ, కాళ్లు వణుకుతూ నా ఒళ్లో వాలింది. చుట్టూ ఆడవాళ్ల పళ్లాల్లో పంచడానికి తెచ్చిన, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలున్నా, నా మాటకు జడిసి ఒక్కరూ చెయ్యి కదపలేదు. నేనూ ఏం చేయాలో తోచక బిగుసుకుపోయాను. అప్పుడు ఆ పిల్లే, "డాక్టరమ్మ చెప్పలేదా అవ్వా, గిట్లయితే తీపి తినాలె" అంటూ పక్కామె పళ్లెంలోని ముద్ద అందుకుని నోట్లో పెట్టుకుంది. కాసేపటికి మొహం తేటపడింది. నేను అందరిముందూ సిగ్గు విడిచి ఏడ్చాను. మర్నాడు మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, తప్పు నాదేనని ఒప్పుకుని, డాక్టరమ్మ చెప్పిన రెండో మాట అందరికీ నేర్పాను. కొంగున బెల్లం చేరింది ఆనాడే.

మొన్న మహబూబ్‌నగర్‌లో కాలేజీ పిల్లల పరుగు పందెం. బయలుదేరేముందు పిల్ల వేలు గుచ్చి చక్కెర ఎంతుందో చూసుకుని, జేబులోంచి తన బెల్లం ముక్క తానే తీసి తిన్నది. నా వైపైనా చూడలేదు. అందరికన్నా ముందు గీత దాటితే నేను వేసిన కేకకు మైదానమంతా తిరిగి చూసింది. వచ్చి నన్ను వాటేసుకుని, "ఇంక ఫికర్ చెయ్యకే అవ్వా" అంది.

అది గెలిచింది, దాంతోపాటు నేనూ గెలిచాను. ఒకప్పుడు దాని మొహం చదవడమే నా బతుకు, ఇప్పుడు తన ఒంటి సంగతి తనకే బాగా తెలుసు. అయినా ఇవాళ పొద్దున ఉతికిన చీర కట్టుకుని, కోడలు చూడకుండా కొత్త బెల్లం ముక్క ఒకటి కొంగున ముడి వేసుకున్నాను.