ఉరుముల పెద్దమ్మ ప్లకార్డు

ఆ రోజుల్లో నాకు బ్యాంకంటే గుడితో సమానం. కొత్తగా ఆఫీసరునై జూబ్లీ హిల్స్ బ్రాంచిలో చేరాను. మెడలో గుర్తింపు కార్డు భోజనానికి కూర్చున్నా తీసేదాన్ని కాదు (ఒకసారి సాంబారులో పడింది, అయినా తీయలేదు). బ్యాంకును ఎవరైనా తప్పుపడితే మా ఇంటి మనిషిని తిట్టినంత రోషం వచ్చేది. అలాంటి నాకు తగిలింది ఉరుముల పెద్దమ్మ (ఆవిడ గొంతు విని మా బ్రాంచివాళ్ళు పెట్టిన పేరు). ఆవిడ ఫిల్మ్‌నగర్‌లో ఉండే డబ్బింగ్ కళాకారిణి, సినిమాల్లో దయ్యాలకూ గయ్యాళి అత్తలకూ గొంతిచ్చేది. ఆవిడ ఇంటి వెనక బండరాళ్ళ గుట్ట ఉండేది. దాన్ని పేల్చి అపార్ట్‌మెంట్లు కట్టబోతున్న కంపెనీకి మా బ్యాంకే అప్పిచ్చింది. ఆవిడ ఖాతా కూడా మా దగ్గరే. రోజూ మా గేటు పక్కన ‘నా బ్యాంకు నా గుట్టను పేలుస్తోంది’ అనే ప్లకార్డు పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకు దయ్యం గొంతుతో వివరించేది.

మా మేనేజరు గారు మెత్తగా మాట్లాడే హైదరాబాదీ. ఆవిడను వెళ్ళగొట్టకపోగా నీడలో కుర్చీ వేయించారు. "ఎండ మస్తుగున్నది, జర నీళ్లు గిట్ల ఇచ్చి రా" అని నన్నే పంపేవారు. నేను నీళ్ళతోపాటు హితబోధ కూడా పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు "ఇంత కోపముంటే వేరే బ్యాంకుకు వెళ్ళిపోవచ్చు కదండీ" అన్నాను. "ఎందుకమ్మా? పరాయివాళ్ళతో నేను పోట్లాడను" అంది ఆవిడ. "లోపల లాకరు పనుంది, కాస్త ఇది పట్టుకో" అంటూ ప్లకార్డు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే జోనల్ ఆఫీసు పెద్దసారు కారు దిగారు. ప్లకార్డు చదివారు, తర్వాత నా మెడలో కార్డు చదివారు. "మీరు కూడానా?" అన్నారు. "లేదండీ, పట్టుకున్నానంతే" అన్నాను (ఇంతకన్నా నీరసమైన నినాదం ఏ ధర్నాలోనూ విని ఉండరు).

ప్లకార్డుతోనే ఆయన వెనక పరుగెత్తాను. "ఆవిడ ఖాతా మూసేయండి, పరువు పోతోంది" అన్నారు పెద్దసారు మేనేజరు గారితో. ఆయన లేచి నిలబడ్డారు. మేనేజరు గారి ప్రమోషన్ పెద్దసారు చేతిలో ఉందని బ్రాంచిలో అందరికీ తెలుసు.

"కారణమేం రాయాలె సార్? ఆమె మోసం చెయ్యలే. మనం చేసింది తప్పన్నది, గంతే. మనల్ని మెచ్చుకునేటోళ్ళకే ఖాతా ఇస్తమని బోర్డు పెట్టలే కద. గుట్ట సంగతిల నాకు గూడ ఆమె మాట నచ్చలే సార్. గని ఖాతా మాత్రం నేను బంద్ చెయ్య."

తనకు నచ్చని మాట కోసం ఒక మనిషి తన ప్రమోషన్‌ను పణంగా పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. పెద్దసారు "మీ ఇష్టం" అని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. లాకరు గది గుమ్మంలో నిలబడి అంతా విన్న పెద్దమ్మ మేనేజరు గారికి దణ్ణం పెట్టి, నా చేతిలోంచి ప్లకార్డు తీసుకుని మళ్ళీ గేటు దగ్గరికి నడిచింది.

గుట్టను పేల్చేశారు. ఆ యేడు మేనేజరు గారికి ప్రమోషన్ రాలేదు. పెద్దమ్మ ఖాతా మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

నేనిప్పుడు షేక్‌పేటలో మేనేజర్ని. మొన్న ఒకాయన నా ఎదురుగా కూర్చుని మా బ్యాంకును తీరిగ్గా దులిపేశాడు. "ఇంకా చెప్పండి" అంటూనే ఉన్నాను గానీ, బల్ల కింద నా కాలు ఊగుతూనే ఉంది. మెడలో కార్డు తీయని అప్పటి పిల్లయితే మాటకు మాట అప్పజెప్పి, సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి గెలిచానని చెప్పుకునేది. పాపం, ఏం గెలిచిందో.