వంటింటి సీను చివర ఒక మాట

కాజాలక్క ఇంట్లో టీవీ మోత వీధి మలుపు దాకా వినిపించేది. మేడ మీద కాపురముంటున్నావిడ ఎన్నోసార్లు మెట్లు దిగి వచ్చి తలుపు కొట్టింది. కొడితే ఎవరికి వినపడాలి? చేతులు నొప్పెట్టి మళ్ళీ మెట్లెక్కేది. "మా చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆవిడకేం, హాయిగా కూచుంది. వినపడని మనిషికి అంత సౌండెందుకమ్మా?" అని నీళ్ళు పట్టుకునే చోట అందరితోనూ చెప్పేది. అందరూ నవ్వేవారు. ఎందుకో ఎవరూ అడగలేదు. నేను అడిగాను కాబట్టి ఇదంతా తెలిసింది.

చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టడం ఆవిడ పని. ముందు వైపు ఏడు, చేతులకి చెరొకటి. మిషను కాజా నాలుగు ఉతుకులకే పోగులు వదిలేస్తుందని నమ్మే దుకాణాలు ఆ ఊళ్ళో ఇంకా రెండున్నాయి. వాటి మూటలు వారానికి రెండుసార్లు ఆవిడ గుమ్మంలోకి వస్తాయి. అసలు పేరు దుకాణం వాళ్ళక్కూడా గుర్తులేదు.

పదకొండో ఏట జ్వరమొచ్చింది. జ్వరం పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. మాట పోలేదు, అప్పటికి వచ్చిన చదువూ పోలేదు. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పోల్చుకోవడం తనకు తానే నేర్చుకుంది. గొంతు ఎంతవరకు పెంచాలో తెలియదు గనక గుసగుస కూడా నలుగురికీ వినపడుతుంది. "నాకు రహస్యాలు చెప్పండి, పరవాలేదు. నన్ను మాత్రం చెప్పమనకండి" అని తనే నవ్విస్తుంది.

అక్క కన్నా తొమ్మిదేళ్ళు చిన్నది చెల్లెలు. అక్కకి పోయినదంతా ఆ పిల్లకి చేరిందన్నట్టు గొంతే బతుకుతెరువయింది. వేరే భాషల సినిమాలకి మన మాటలు చెప్పే స్టూడియోలో పని. పెద్ద వేషాలేమీ కాదు. గుంపులో కేకలు, ఫోన్లో నర్సు, హీరోయిన్ పక్కన కూచుని "అవునే!" అనే స్నేహితురాలు. పెళ్ళయ్యాక కూడా సాయంత్రం ముందు అక్క ఇంటికే వచ్చి, కాళ్ళు కడుక్కుని, అక్క ఎదురుగా ముక్కాలిపీట మీద కూచుని, ఆరోజు చెప్పిన సీనంతా మొదలుపెట్టి చివరిదాకా పెదవులతో ఆడి చూపించేది. హీరో మాటలకి గడ్డం పైకెత్తేది, విలనుకి ఒక కన్ను మూసేది. టీవీలో సినిమా వచ్చినా అంతే. తను టీవీకి వీపు పెట్టి, అక్కకి మొహం పెట్టి కూచుని, చెవులతో విన్నది విన్నట్టు పెదవులతో అప్పజెప్పేది. ఆ రకంగా ఇరవై ఏళ్ళలో చెల్లెలు ఒక్క సినిమా కూడా సరిగ్గా చూడలేదు. అక్క మాత్రం అన్నీ చూసింది.

తెర మీది పెదవులు చూసి తెలుసుకోవచ్చు కదా అంటారేమో. ఆ పెదవులు వేరే భాషవి. అవి అనేది ఒకటి, జనానికి వినపడేది ఒకటి. మన సినిమాల్లోనూ హీరో వెనక్కి తిరిగితే చాలు, మాట పోయింది.

చెల్లెలి భర్త లారీ ఆఫీసులో బిల్టీలు, అంటే సరుకు రసీదులు, రాస్తాడు. నెమ్మది మనిషి, బండెడు మీసం. ఆ మీసం వల్ల ఆయన పై పెదవి ఉందో లేదో ఆవిడకి తెలియదు. "నీ మాట అక్కకి కనపడటం లేదు. ఆ పొద కొట్టించు" అని చెల్లెలు ఎన్నిసార్లు వెక్కిరించినా ఆయన మీసం దువ్వుకునేవాడే తప్ప తీసేవాడు కాదు. వదినకి చెప్పాల్సినవి కాగితం మీద రాసి ఇచ్చేవాడు.

ఒకరోజు చెల్లెలు గంతులేస్తూ వచ్చింది. మొదటిసారి పెద్ద పాత్ర దొరికింది. హీరో తల్లి. మూడు రోజులు చెప్పి ముగించింది. సీన్లన్నీ ఆడి చూపించింది గాని, వంటింటి సీను దగ్గర ఆగిపోయింది. కొడుకు ఆలస్యంగా ఇంటికొస్తాడు, తల్లి కంచం పెట్టి, పొయ్యి వైపు తిరుగుతూ ఏదో గొణుగుతుంది.

"నాకు రాసిచ్చిన మాటలు అయిపోయాయక్కా, తెర మీద ఆవిడ నోరు మాత్రం ఇంకా కదుల్తోంది. అలా మిగిలిపోతే మేమే ఏదో ఒకటి అనేసి నింపాలి. కాగితంలో ఏమీ ఉండదు. అక్కడ నీ మాట ఒకటి పెట్టేశాను."

"నా మాటా? ఏం మాటే?"

"చెప్పను."

"చెప్పవే, చంపేస్తాను!"

"చంపినా చెప్పను. డిస్కు వచ్చినప్పుడు కింద అక్షరాలు వేస్తారట, కంపెనీ ఆయనే అన్నాడు. చదువుకో. ఒక్కసారైనా నేను ఎదురుగా లేకుండా సినిమా చూడు తల్లీ. నా నోరు నొప్పెడుతోంది."

తర్వాత నెలలోపే చెల్లెలికి కామెర్లు వచ్చాయి. పదకొండు రోజుల్లో అయిపోయింది. చివరి మూడు రోజులూ పెదవులు ఎండిపోయి, కదిలినా ఏం అంటున్నదో అక్కకి అందలేదు.

సినిమా హాళ్ళలోకి వచ్చింది, వారం ఆడింది. కాజాలక్క ఒక్కతే మధ్యాహ్నం ఆటకి వెళ్ళింది. కంచం వచ్చింది, తల్లి పొయ్యి వైపు తిరిగింది. అప్పుడు ముందు వరసలో వాళ్ళ భుజాలు ఊగాయి. పక్క సీటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హాలంతా నవ్వుతోంది. ఆ మాట ఆవిడ చుట్టూ, నెత్తి మీదుగా, అందరి చెవుల్లోకీ వెళ్ళిపోయింది. పక్కావిడ చెయ్యి పట్టుకుని "ఏమందమ్మా? ఏమంది?" అని అడిగింది. గొంతు ఎంత పెరిగిందో ఏమో, నాలుగు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పక్కావిడ చెయ్యి విడిపించుకుని రెండు సీట్లు జరిగి కూచుంది. మర్నాడు మరిదిని అడుగుదామనుకుంది గాని, ఆయన మొహం చూసి అడగలేకపోయింది. డిస్కులో అక్షరాలు వస్తాయి కదా అని ఓపిక పట్టింది.

ఏడు నెలలకి డిస్కు వచ్చింది. ఇంటికి తెచ్చి పెడితే అక్షరాల ఊసే లేదు. తిరిగి దుకాణానికి వెళ్ళింది.

దుకాణదారు అట్ట తిరగేసి చూసి, పెదవులు సాగదీసి మరీ చెప్పాడు. "అక్షరాలు వేరే భాషల సినిమాకి వేస్తారమ్మా. ఇది మన మాటల్లోనే ఉంది కదా. మన మాటకి మనకి అక్షరాలెందుకు?"

"నాకు వినపడదు."

"అయ్యో," అన్నాడతను. నిజంగానే బాధపడ్డాడు. "అయితే పోనీ, ఫైటింగ్ సినిమా తీసుకెళ్ళండి. అందులో మాటలు తక్కువ."

మరిదిని పిలిచింది. "ఈ ఒక్క సీను విని, ఏమందో రాసిపెట్టు" అంది. ఆయన కూచున్నాడు. తల్లి పాత్ర మొదటిసారి నోరు తెరవగానే మొహం పాలిపోయింది. వంటింటి సీను దాకా కుర్చీ అంచు పట్టుకుని ఉండి, కాగితం మీద "ఏమీ లేదు వదినా" అని రాసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. పెళ్ళాం గొంతు విని తట్టుకోలేకపోయాడనుకుంది ఆవిడ. మళ్ళీ అడిగినప్పుడల్లా ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్పటి నుంచీ మొదలైంది ఆ మోత. సౌండు చివరిదాకా పెట్టి, టీవీ పక్క స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కూచునేది. తల్లి మాట్లాడినప్పుడు అరచేతిలో సన్నగా జల్లుమంటుంది. అది చెల్లెలి గొంతు. మూటలు విప్పకముందు ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి. చిన్నప్పుడు దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుంటే ఏడుపు ఇలాగే పొట్టకి తగిలేదని నాతో చెప్పింది. ఏమందో తెలియకపోయినా, అన్నది మాత్రం చేతికి తెలుస్తోంది కదా అంది.

కంపెనీకి ఉత్తరం రాసింది. 'అక్షరాలు వేయించండి, లేదా ఆ ఒక్క మాటా రాసి పంపండి.' ఇరవై రోజులకి జవాబు. 'డిస్కులో లోపానికి చింతిస్తున్నాం' అంటూ, కొత్త డిస్కు జతచేశారు. అదే సినిమా, అవే లేని అక్షరాలు. ఇంకో ఉత్తరానికి ఇంకో డిస్కు. మూడో ఉత్తరానికి ఏమీ రాలేదు.

"ఇంకో రెండు రాయి, దుకాణం పెట్టుకోవచ్చు" అన్నాడు కటింగ్ మాస్టారు. కాజాల మూటలు పంపే రెండు దుకాణాల్లో ఒకదాంట్లో గుడ్డ కత్తిరించే పెద్దాయన. నవ్వినవాడే ఆ ఆదివారం కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. "పెట్టమ్మాయ్. ఒక్క సీనేమిటి, సినిమా మొత్తం రాసిస్తాను. నీకూ ఓ సినిమా ఉండొద్దూ?"

నాలుగు ఆదివారాలు పట్టింది. ఒక మాట వింటాడు, ఆపుతాడు, రాస్తాడు. ఆ పుస్తకంలో గళ్ళు ముందే అచ్చేసి ఉంటాయి. మెడ గడిలో తల్లి మాటలు, ఛాతీ గడిలో హీరోవి, నడుము గడిలో హీరోయిన్‌వి. "వీడెవడో నోట్లో బొత్తాలు పెట్టుకుని మాట్లాడుతున్నాడు" అని విలన్ని తిట్టేవాడు. ఆవిడ పకపకా నవ్వేది. చెల్లెలు పోయాక ఆ ఇంట్లో నవ్వు అదే.

నాలుగో ఆదివారం వంటింటి సీను వచ్చింది. మాస్టారు ఒకసారి విన్నాడు. వెనక్కి తిప్పి విన్నాడు. చెవి స్పీకరుకి ఆనించి విన్నాడు. ఆవిడ ఆయన పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

"ఇక్కడ మాట లేదమ్మాయ్."

"ఉంది మాస్టారూ. అందరూ నవ్వారు. నేను చూశాను."

"నోరు కదుల్తోంది. వెనకాల వాయిద్యం, అంతే. పదకొండుసార్లు విన్నాను. లేనిది ఉందని ఎలా రాయను?" మెడ గడిలో 'మాట లేదు' అని రాసి పుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టి, తలవంచుకుని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ లారీ ఆఫీసుకి వెళ్ళి, బిల్టీల మీద ఆ పుస్తకం విసిరింది. హమాలీలంతా చూస్తుండగా, "అది నాకు అబద్ధం చెప్పి పోయింది! ఏ మాటా పెట్టలేదు. హాల్లో ఎందుకు నవ్వారో ఏమో, నా మాటకి కాదు. ఇరవై ఏళ్ళు ఎదురుగా కూచుని ఇంకెన్ని కల్పించి చెప్పిందో నాకేం తెలుసు?" అంది. మరిది కాగితం కోసం వెతుక్కునేలోపే వెళ్ళిపోయింది.

మూడు రోజుల దాకా టీవీ పెట్టలేదు. నాలుగో రోజు పొద్దున గుమ్మంలో ఎవరో నిలబడితే మూట తెచ్చిన మనిషనుకుంది. మొదట పోల్చుకోలేదు. మీసం లేదు. పై పెదవి తెల్లగా, చిన్నపిల్లాడి పెదవిలా ఉంది. లోపలికి వచ్చి చెల్లెలి ముక్కాలిపీట మీద, ఎదురుగా కూచున్నాడు.

"అది అబద్ధం చెప్పలేదు వదినా." ఒక్కొక్క మాటే, నెమ్మదిగా. "డిస్కులో ఉన్నది దాని గొంతు కాదు."

ఆవిడ చూపు స్పీకరు మీదికి పోయి వచ్చింది. ఆయన చెయ్యెత్తి తన పెదవుల వైపు చూడమన్నాడు.

"దాని మాటల టేపు స్టూడియోలో వాన నీళ్ళకి పాడయింది. హాళ్ళలో ఆడిన రీళ్ళూ మిగల్లేదట. డిస్కు కోసం వేరే అమ్మాయి చేత చెప్పించారు. ఆ అమ్మాయి కాగితంలో ఉన్నంతే చెప్పింది. మిగిలినచోట వాయిద్యం నింపారు. నేను మొదటి మాటకే పోల్చాను. నువ్వు దాని మీద చెయ్యేసి కూచున్నావు. ఎలా చెప్పను?"

"అక్షరాలు?"

"టేపు పాడవకముందే విని రాయడానికి ఒక మనిషిని కుదుర్చుకున్నారట. తర్వాత, మన మాటలే కదా ఎవరు చదువుతారని మానుకున్నారు. రాసి ఉంటే ఆ కాగితం మీదైనా మిగిలేది."

"హాల్లో విన్నవాళ్ళున్నారుగా. నువ్వు విన్నావుగా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను వెళ్ళలేదు. వారం రోజులూ ఆ హాలు ముందు నుంచే ఆఫీసుకి వెళ్ళాను. ఆ గొంతు వినలేననుకున్నాను. ఒక్కసారి లోపలికి వెళ్ళి ఉంటే..."

స్టూడియోలో సౌండు చూసుకునే అతన్నీ అడిగాడట. ఇలాంటివి రోజుకి వంద నింపుతారు, ఎవరికి గుర్తుంటుందన్నాడు.

ఆవిడ ఏడవలేదు. "అయితే ఇన్నాళ్ళూ ఎవరి మీద చెయ్యి వేశాను?" అని అడిగింది. ఆయన చెయ్యి పై పెదవి మీదికి పోయింది. దాక్కోవడానికి ఇప్పుడు మీసం కూడా లేదు.

ఆయన వెళ్ళాక మూట విప్పి మూడు చొక్కాలు పూర్తి చేసింది. భోజనమయ్యాక, అలవాటు చొప్పున టీవీ పెట్టింది. అరచెయ్యి స్పీకరు దాకా వెళ్ళి, ఆనకుండా ఆగింది. రిమోటు తీసుకుని సౌండు గీతల్ని ఒక్కొక్కటే తగ్గించుకుంటూ సున్నా దాకా తెచ్చింది. తెర మీద ఎవరిదో నోరు కదులుతోంది. వంటింటి సీను వచ్చి వెళ్ళిపోయింది.

మర్నాడు నీళ్ళు పట్టుకునే చోట మేడమీదావిడ ఎదురుపడి, ఆవిడ భుజం తట్టి, పెదవులు బాగా విప్పి చెప్పింది. "ఈ నాలుగు రోజులూ ఎంత ప్రశాంతంగా ఉందో అక్కా! నీకు దండం. రోజూ ఇలాగే ఉండనియ్యి."

"అలాగే," అంది కాజాలక్క. ఆ ఒక్క మాటే వీధి మలుపు దాకా వినపడింది.